వాకిలి నుంచి వేదికకు: నెల్లూరు ఉత్తరాయణ వేడుకల్లో పాట, ఆట, కథ

వ్యాససంగ్రహం

సంక్రాంతిని పంటల పండుగగా, ఆ నెలలో ఇంటింటికీ వచ్చే కళాకారులను యాచకులుగా చూడటం బోధనలోనూ వ్యవహారంలోనూ స్థిరపడిన అలవాటు. ఈ రెండు అభిప్రాయాలకూ సంబంధం ఉన్నదనీ, పెన్నా డెల్టా వ్యవసాయ కాలం మొదటిదాన్ని సమర్థించదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నెల్లూరు ప్రాంతపు ధనుర్మాస, సంక్రాంతి వేడుకలను సూర్యగతి మలుపునకు సంబంధించిన ఉషఃకాల వేడుకలుగా చదివితే గొబ్బి, హరిదాసు సంకీర్తన, గంగిరెద్దు ఆట అనే మూడు రూపాల్లోనూ వాకిలి కళాంశమే అవుతుంది. ఐర్లాండు, వేల్స్ దేశాల శీతకాల ఆచారాలతో పోల్చి, ఈ కళలు వేదికపైకి వచ్చినప్పుడు వాటిని ఏ ప్రమాణంతో కొలవాలో పరిశీలించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఉత్తరాయణం, ధనుర్మాసం, గొబ్బి, హరిదాసు, గంగిరెద్దు, ఏటి పండుగ, నెల్లూరు, ప్రదర్శన, వాకిలి.

1. ఉపోద్ఘాతం

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం ప్రవేశించినది మొదలు సంక్రాంతి ముగిసే వరకు తెలుగు నేలపై తెల్లవారుజాముకు ఒక ప్రత్యేకత ఉంటుంది. ముగ్గు, గొబ్బెమ్మ, హరిదాసు చిరుతల చప్పుడు, గంగిరెద్దుల వారి సన్నాయి, ఆలయంలో తిరుప్పావై, అన్నీ సూర్యోదయానికి అటూ ఇటూగా సాగుతాయి. సంగీతం, నృత్యం, కథనం ఒకే రుతువులో, ఒకే సమాజం మధ్య కలిసి నడిచే సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

ఈ కళలపై తెలుగులో విలువైన పరిశోధన జరిగింది. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' (1958) పాటల వర్గీకరణకు శాస్త్రీయమైన పునాది వేసింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' (1992) ప్రదర్శక కళలను విస్తృతంగా నమోదు చేసింది. ఈ కృషి లేకపోతే నేటి పరిశోధకునికి చేతిలో ఆధారమే ఉండదు. అయితే పాటను కాగితంపైకి తెచ్చినప్పుడు మాట మిగిలినంతగా దాని చిరునామా మిగలదు. ఏ వాకిట, ఏ వేళ, ఎవరి ఎదుట, ఎవరి జవాబు కోసం ఆ మాట పలికారన్నది సంకలనంలోకి అరుదుగా చేరుతుంది. ప్రదర్శనను కేంద్రంగా తీసుకున్న జానపద విజ్ఞాన ధోరణి 1970ల నుంచి ప్రపంచవ్యాప్తంగా ఈ లోటును గుర్తించింది. రిచర్డ్ బౌమన్ 1977లో వెలువరించిన వాచిక కళా సిద్ధాంతం ప్రదర్శకునికి ప్రేక్షకుని పట్ల ఒక బాధ్యత ఉంటుందని నిరూపించింది. నెల్లూరు వేడుకలను గమనిస్తే ఆ సూత్రానికి ఒక చేర్పు అవసరమని తోస్తుంది: ఇక్కడ బాధ్యత చూసేవారికి కూడా ఉంటుంది.

2. సూర్యుని మలుపు, తెల్లవారుజాము

ఖగోళ శాస్త్రం ప్రకారం ఉత్తరాయణం డిసెంబరు 21 లేదా 22న మొదలవుతుంది. మకర సంక్రమణాన్ని నిరయన పద్ధతిలో గణించడం వల్ల పండుగ జనవరి 14 లేదా 15న వస్తుంది. విషువత్తులు ఏడాదికి సుమారు 50 వికలల చొప్పున, అంటే దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనుకకు జరుగుతుండటమే ఈ తేడాకు కారణం. ఇప్పుడు ఆ అంతరం సుమారు 24 డిగ్రీలు. ప్రాచీనకాలంలో ఒకచోట ఉన్న అయనారంభం తన కాలానికి మరోచోటికి మారిందని వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే 'బృహత్సంహిత'లో గుర్తించాడు.

దీన్నిబట్టి సంక్రాంతి 'తప్పిన తేదీ' అని తేల్చేయడం కద్దు. కాని ఈ లెక్కలో రెండు విషయాలు మరుగున పడుతున్నాయి. మొదటిది, అసలు అయనారంభం ధనుర్మాసం మొదటి వారంలోనే వస్తుంది. అందువల్ల నెల రోజుల ఆచారాన్ని ఒక్క వేడుకగా తీసుకుంటే సూర్యుని మలుపు అందులోనే ఇమిడి ఉంది. రెండోది, నెల్లూరు ఉన్న 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అతి చిన్న పగలు డిసెంబరు మూడో వారంలో వచ్చినా, సూర్యోదయం ఆలస్యం కావడం అక్కడితో ఆగదు. అది జనవరి మూడో వారం దాకా రోజురోజుకీ కొంత వెనుకకు జరుగుతూనే ఉంటుంది. భూకక్ష్య దీర్ఘవృత్తాకారంలో ఉండటం, భూమి అక్షం వాలి ఉండటం ఇందుకు కారణాలు. కనుక చీకటితోనే లేచి వాకిలి చిమ్మి ముగ్గు పెట్టే మనిషి కంటికి పొద్దు తొందరగా రావడం మొదలయ్యేది సంక్రాంతి దాటిన తరువాతే. పంచాంగం ఈ పరిశీలనపై ఆధారపడి రూపొందిందని చెప్పడానికి వీల్లేదు. అయినా తెల్లవారుజామునే కేంద్రంగా చేసుకున్న వేడుకకు జనవరి మధ్యభాగం అనుభవరీత్యా సరైన ముగింపే.

అక్షాంశం మరొక తేడాను కూడా సూచిస్తుంది. నెల్లూరులో అతి చిన్న పగలు సైతం సుమారు 11 గంటల 15 నిమిషాలు ఉంటుంది. డబ్లిన్ నగరంలో అదే రోజు పగలు ఏడున్నర గంటలే. చీకటిపై వెలుగు సాధించిన విజయంగా అయనారంభాన్ని వర్ణించే ఐరోపా ధోరణి ఉత్తర దేశాల అనుభవానికి తగినది. నెల్లూరు తీరంలో చీకటి అంతగా భయపెట్టదు. ఇక్కడ పండుగ అంశం చీకటిని గెలవడం కాదు, వచ్చే పొద్దును వాకిట నిలబడి ఎదుర్కోవడం.

3. 'పంటల పండుగ' వ్యాఖ్యానానికి నెల్లూరు ప్రశ్న

సార్వా వరి కోసి, నూర్చి, ధాన్యం ఇంటికి చేరిన సంతోషమే సంక్రాంతి అన్న వివరణ కృష్ణా, గోదావరి డెల్టాలకు అక్షరాలా సరిపోతుంది. అక్కడ నైరుతి రుతుపవనాలతో సాగిన పంట నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. నెల్లూరు పరిస్థితి వేరు. ఈ జిల్లా వార్షిక వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల వస్తుంది. పెన్నా డెల్టాలో ప్రధాన వరి పంట రబీది. నాట్లు శీతకాలంలో పడతాయి. కోతలు మార్చి నుంచి ఊపందుకుంటాయి. అంటే సంక్రాంతి నాటికి నెల్లూరు ఆయకట్టులో పైరు పచ్చగా నీటిలో నిలిచి ఉంటుంది. గాదెలో ఉన్నది పోయిన పంట గింజ.

ధాన్యం ఇంటికి రాని చోట కూడా గొబ్బి ఉంది, హరిదాసు ఉన్నాడు, గంగిరెద్దు ఉంది. కాబట్టి పంట చేతికందడం ఈ కళలకు మూలకారణం కానవసరం లేదు. కొన్ని ప్రాంతాల్లో అది వచ్చి చేరిన అర్థం. తెలుగు దేశమంతటికీ ఒకే వివరణను వర్తింపజేయడంలో రెండు పెద్ద డెల్టాల అనుభవం మిగతా సీమల అనుభవాన్ని కప్పివేసింది.

ఈ సవరణ కేవలం వ్యవసాయ వివరానికి సంబంధించినది కాదు. పంటల పండుగ అన్న చట్రంలో ఇవ్వడం మిగులు నుంచి జరిగే దానం అవుతుంది. ఉన్నవాడు పెడతాడు, లేనివాడు అడుగుతాడు. ఆ చూపులో హరిదాసుకూ గంగిరెద్దుల వారికీ మిగిలే స్థానం యాచకునిదే. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలు గంగిరెద్దుల వారిని ఈ దృష్టితోనే నమోదు చేశాయి. స్వతంత్ర భారతంలోనూ ఆ దృష్టి పోలేదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం బహిరంగ స్థలంలో పాట, నాట్యం, జోస్యం, ప్రదర్శన వంటి మిషతో డబ్బు కోరడాన్ని కూడా భిక్షాటన నిర్వచనంలో చేర్చింది. ఆ చట్టాన్ని ఢిల్లీకి విస్తరించిన తరువాత దానిలోని అనేక నిబంధనలను 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఒక కళారూపాన్ని ఏ పేరుతో పిలుస్తామన్నది ఆ కళాకారుడు నేరస్థుడా, కాదా అన్న ప్రశ్న దాకా వెళుతుంది. అందుచేత సంక్రాంతిపై తేలికగా చెప్పే ఒక్క వాక్యాన్ని కూడా విమర్శ పరీక్షించవలసి ఉంటుంది.

4. వాకిట మూడు కళలు

గొబ్బి చాలా పాత రూపం. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో పేర్కొన్న దేశి గేయాల పట్టికలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలతో పాటు గొబ్బి పదాలు ఉన్నాయి. అన్నమయ్య (1408–1503) ఆ ఫణితిని సంకీర్తనలోకి తెచ్చాడు. ఆచారంలో గొబ్బి నిర్మాణం సరళమైనది. ఆవుపేడతో చేసిన గొబ్బెమ్మలను పసుపు, కుంకుమ, గుమ్మడి పూలతో అలంకరించి ముగ్గులో నిలుపుతారు. ఆడపిల్లలు వాటి చుట్టూ వలయంగా తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు చరుస్తూ పాడతారు. ఒకరు చరణం అందుకుంటే తక్కినవారు పల్లవితో జవాబిస్తారు. ఈ నిర్మాణంలో అందరి ముఖాలూ లోపలికి, గొబ్బెమ్మ వైపు ఉంటాయి. వలయం వెలుపల ఉన్నవారికి కనిపించేది నర్తకుల వీపులే. అంటే గొబ్బికి ప్రేక్షకుడు అనే పాత్రే లేదు. చూడాలనుకున్నవారు వలయంలో చేరాలి, లేదా పాటను వింటూ పక్కన నిలవాలి.

హరిదాసు విషయంలో నియమం మరింత స్పష్టం. ఇతడిని ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిదిద్దిన హరికథా సంప్రదాయపు భాగవతారుతో కలిపివేయడం పరిపాటి అయినా, రెండూ వేర్వేరు కళలు. హరికథకునికి సభ ఉంటుంది, పూర్తి కథ ఉంటుంది. సంక్రాంతి హరిదాసుకు ఉన్నది నడక. తలపై అక్షయపాత్ర, ఒక చేత తంబుర, మరొక చేత చిరుతలు, కాళ్లకు గజ్జెలు. సంచారంలో అతడు గృహస్థులతో సంభాషించడు. నామసంకీర్తన తప్ప మరొక మాట పలకకపోవడం, ఇంటికి తిరిగి చేరే వరకు పాత్రను నేలపై దించకపోవడం ఆచారం. బియ్యం తెచ్చింది చిన్నపిల్లలైతే వారి చేతికి అందేట్టు అతడే మోకాళ్లపై ఒంగుతాడు. యాచకునిలో లేని లక్షణం ఇక్కడ ఉన్నది: అతడు అడగడు. అడగనివానికి ఇవ్వడాన్ని భిక్ష అనడం కన్నా వ్రతంలో భాగస్వామ్యం అనడం సముచితం.

గంగిరెద్దు ఆటలో మాట తిరిగి వస్తుంది, కాని అది ఏ ఇంటికి ఆ ఇంటిదే. ఆడించేవాడు ఇంటివారి పేర్లు, పిల్లల చదువులు, రాబోయే శుభకార్యాలు అప్పటికప్పుడు పాటలో కలుపుతాడు. ఎద్దును ప్రశ్నిస్తాడు, అది తలాడించి సమాధానమిస్తుంది. ఈ పాఠానికి స్థిరమైన రూపం లేదు. పది వాకిళ్ల ముందు పది పాఠాలు పుడతాయి. ఒకదాన్ని రాసుకొని అదే గంగిరెద్దు పాట అనడం ఒక ఉత్తరాన్ని రాసుకొని దాన్నే తపాలా వ్యవస్థ అనడం వంటిది.

ఈ మూడింటికీ వాకిలి సమానం. వాకిలి ఇల్లూ కాదు, వీధీ కాదు. అది రెంటి నడుమ ఉన్న చోటు. ధనుర్మాసం కూడా దక్షిణాయన, ఉత్తరాయణాల నడుమ ఉన్న కాలం. నడిమి కాలంలో నడిమి చోట జరిగే కళ కనుక దీనికి ఇరువైపులా మనిషి ఉండాలి. గడప ఇవతల ఎవరూ లేకపోతే గడప అవతలి పాట పూర్తి కాదు.

ఆలయ సంప్రదాయం కూడా ఇందుకు సాక్ష్యమే. నెల్లూరులో పెన్నా ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథస్వామి ఆలయం వంటి వైష్ణవ క్షేత్రాలకు ధనుర్మాసమంటే తిరుప్పావై నెల. గోదాదేవి రచించిన 30 పాశురాల్లో ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం వరకు ఉన్న పదింటిలో ఆమె ఒక్కొక్క ఇంటి వాకిట నిలిచి నిద్రిస్తున్న చెలికత్తెలను లేపుతుంది. దైవసన్నిధికి చేరడానికి ముందు తోటివారి తలుపులు తట్టవలసి ఉండటం ఈ కావ్యపు నియమం. వీటిలో చివరిదానిలో లోపలి అమ్మాయి తిరిగి మాటాడటం, వాదించడం కూడా ఉంది. గొబ్బి, హరిదాసు, గంగిరెద్దు దేని నుంచి ఏది పుట్టిందో నిర్ధారించే పని ఇక్కడ లేదు. శిష్ట, జానపద ధారలు రెండూ ఈ నెలకు వాకిలినే ఎన్నుకున్నాయన్నది గమనించదగినది.

5. మలుపు కోసం నిరీక్షణ: తిక్కన భీష్ముడు

ఉత్తరాయణానికీ కథాకథనానికీ ఉన్న సంబంధాన్ని తెలుగులో గంభీరంగా నిర్వహించిన కవి నెల్లూరు వాడే కావడం విశేషం. మనుమసిద్ధి ఆస్థానంలో, 13వ శతాబ్దంలో, తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలు 15 పర్వాలను తెనిగించాడు. అందులో భీష్ముడు నేలకూలిన భీష్మపర్వమూ, అతడు ధర్మరాజుకు ఉపదేశించిన శాంతి, ఆనుశాసనిక పర్వాలూ ఉన్నాయి. స్వచ్ఛంద మరణం వరంగా ఉన్న భీష్ముడు దక్షిణాయనంలో ప్రాణం విడవక ఉత్తరాయణం కోసం అంపశయ్యపై వేచి ఉంటాడు. ఆ నిరీక్షణ 58 రాత్రులని మహాభారతం చెబుతుంది.

ఆ వ్యవధిని నింపినవి కథలు. రాజధర్మం నుంచి మోక్షధర్మం వరకు చెప్పవలసినదంతా భీష్ముడు పక్షుల, జంతువుల, రుషుల, రాజుల ఉపాఖ్యానాలుగా చెబుతాడు. సంస్కృత మూలంలోని ఈ భాగాలను తిక్కన బాగా సంక్షేపించాడు. అయినా ప్రశ్న, సమాధానం అన్న చట్రాన్ని వదలలేదు. ధర్మరాజు అడగాలి, అప్పుడే భీష్ముని కథ కదులుతుంది. వినేవాడు కేవలం వినేవాడు కాదు. యుద్ధంలో బంధువులను చంపిన బరువుతో వచ్చి, రాజ్యం స్వీకరించాలా వద్దా అని తేల్చుకోవలసినవాడు. అతనికి ఆ కథలు అవసరం. చెప్పేవానికి కాలం తక్కువ.

నెల్లూరు వాకిళ్లలోని కళలకూ తిక్కన పర్వాలకూ చారిత్రక బంధం కల్పించనవసరం లేదు. కాని ప్రదర్శనా నియమం ఒకటే. సూర్యుడు తిరిగే వేళ చెప్పే కథకు జవాబుదారీ అయిన శ్రోత కావాలి.

6. పడమటి పోలిక

ఈ నియమం తెలుగువారికే పరిమితమా అన్న ప్రశ్నకు కెల్టిక్ భాషా సంప్రదాయం గల దేశాలు ఉపయోగపడే సమాధానం ఇస్తాయి. ఐర్లాండులో బాయిన్ నది లోయలోని న్యూగ్రేంజ్ సమాధి సుమారు క్రీస్తు పూర్వం 3200 నాటిది. అయనారంభపు ఉదయాన సూర్యకిరణాలు ద్వారంపైన ఉన్న రంధ్రం గుండా లోపలి గదిని చేరి కొద్ది నిమిషాలపాటు వెలిగిస్తాయి. దీన్ని కెల్టిక్ కట్టడంగా ప్రచారం చేయడం మామూలైనా, ఆ భాషలు అక్కడికి చేరక చాలా ముందే అది నిర్మితమైంది. కెల్టిక్ అన్న మాట ఒక భాషాకుటుంబానికి స్థిరపడినది 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ పరిశోధనతో మొదలైన పరిణామంలో. అందుచేత ఐదు వేల ఏళ్ల అవిచ్ఛిన్నత వంటి మాటలను పక్కనపెట్టి, నమోదైన ఆచారాలనే చూడటం మేలు.

అటువంటివి రెండు ఇక్కడ ప్రస్తుతం. ఐర్లాండులో డిసెంబరు 26న రెన్ అనే చిన్న పిట్ట పేరిట గడ్డి వేషాలు, ముసుగులు ధరించిన బృందాలు పాటలతో, వాద్యాలతో ఇంటింటికీ తిరుగుతాయి. డింగిల్ పట్టణంలో ఈ ఆచారం ఇప్పటికీ బలంగా ఉంది. దక్షిణ వేల్స్‌లోని మారి లూయిడ్ ఆచారం గంగిరెద్దుకు మరీ దగ్గరిది. గుర్రపు పుర్రెను కర్రకు అమర్చి, తెల్లని గుడ్డ కప్పి, దవడ కదిలేట్టు చేసి ఇంటి ముందుకు తెస్తారు. బయటివారు పద్యంలో సవాలు చేస్తే లోపలివారు తలుపు తెరవకుండా పద్యంలోనే జవాబివ్వాలి. జవాబు దొరకనప్పుడు తలుపు తెరిచి, లోపలికి పిలిచి విందు చేయాలి. జంతువు, ఆశుకవిత, గడప, ఆతిథ్యం అన్నీ ఇక్కడా ఉన్నాయి. తేడా ఒక్కటే: వేల్స్‌లో గృహస్థుడు కూడా కవి కావాలి, నెల్లూరులో అతడు దాత అయితే చాలు. ఈ తేడాలోనే గంగిరెద్దుల వారి సామాజిక స్థితికి ఒక కారణం కనిపిస్తుంది. మాటకు మాట ఇచ్చే చోట ఇద్దరూ సములు. మాటకు బియ్యం ఇచ్చే చోట సమత్వం ఆచారం నిలిచినంత కాలమే నిలుస్తుంది. ఆచారం సడలగానే కళాకారుడు బిచ్చగాడవుతాడు.

7. వేదిక తెచ్చిన మార్పు

గత కొన్ని దశాబ్దాలుగా సంక్రాంతి సంబరాల పేరుతో ఈ కళలు విద్యాలయాల, సంఘాల, ప్రభుత్వ ఉత్సవాల వేదికలకు ఎక్కాయి. ఉత్తర అమెరికాలోని తెలుగు సంఘాలు జనవరి వారాంతాల్లో సభామందిరాల్లో జరిపే వేడుకలూ ఈ కోవలోనివే. వేదికపై జరిగే మార్పులు రూపానికి సంబంధించినవి. గొబ్బి వలయం తెరుచుకొని ప్రేక్షకుల వైపు తిరిగిన అర్ధవలయం అవుతుంది. గొబ్బెమ్మ మధ్య నుంచి ముందుకు జరుగుతుంది. మౌనవ్రతుడైన హరిదాసు చేతికి మైకు వస్తుంది. గంగిరెద్దు దీవెన ముఖ్య అతిథికి చేరుతుంది. నెల రోజుల ఉషఃకాలం ఒక సాయంత్రంలో ఒదుగుతుంది.

వీటిని చూసి వాకిలే స్వర్గమని తేల్చడం సరికాదు. వాకిలి అందరిదీ కాదు. ఏ కులం వారి వాకిటికి ఏ కళాకారుడు వస్తాడో, ఎవరి వాడకు రాడో నిర్ణయించిన వ్యవస్థ ఊళ్లలో ఉండేది. దాత పొగడ్తను కోరేవాడు. సంచార జీవనం కళాకారుల పిల్లలను బడికి దూరం చేసింది. గంగిరెద్దుల వారు, బుడబుక్కల వారు ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో మొదటి వర్గంలో ఉండటం ఆ చరిత్రకు అధికారిక గుర్తింపు. వేదిక నిర్ణీత పారితోషికం ఇవ్వగలదు, కళాకారుని పేరు ప్రకటించగలదు, వాడ తేడా లేని ప్రేక్షకులను కూర్చోబెట్టగలదు. ఇవి చిన్న లాభాలు కావు.

కనుక విమర్శ అడగవలసిన ప్రశ్న వేషం అసలైనదా, కాదా అన్నది కాదు. చూసేవానికి ఏ పని మిగిలింది అన్నది. 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్‌స్టాఫ్ ఆరంభించిన 'క్రిస్మస్ రెవెల్స్' ప్రదర్శనలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. అయనారంభపు పాట, ఆట, కథలను, కొన్ని ఏళ్లలో కెల్టిక్ సామగ్రితో, స్థానికులైన సామాన్య గాయకుల బృందంతో రంగస్థలంపైకి తెచ్చిన ఈ ప్రదర్శనల్లో ఒక నియమం స్థిరపడింది. మొదటి భాగం ముగిసేసరికి ప్రేక్షకులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని, పాడుతూ ఆడుతూ, మందిరం దాటి బయటి వసారాలోకి సాగుతారు. అది వాకిలి కాదు. కాని వేదిక తాను పోగొట్టినదేమిటో గ్రహించి, దాన్ని తన పరిధిలో తిరిగి కట్టుకున్న ప్రయత్నం.

8. ఏటి పండుగ: వేదిక లేని సమూహం

నెల్లూరుకు ఇటువంటి మార్గం కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. సంక్రాంతి రోజుల చివర ఈ నగరంలో ఏటి పండుగ జరుగుతుంది. నెలపాటు వాకిళ్లలో పూజలందుకున్న గొబ్బెమ్మలను రంగనాథస్వామి ఆలయ సమీపంలో పెన్నా తీరానికి తెచ్చి ఏటిలో కలుపుతారు. కుటుంబాలు పిల్లలతో వచ్చి నది ఒడ్డున పొద్దుగూకే దాకా గడుపుతాయి.

ఇతర ప్రాంతాల్లో గొబ్బెమ్మలు ఎండి పిడకలై భోగి మంటకో, రథసప్తమి పరమాన్నపు పొయ్యికో చేరడం సాధారణం. అక్కడ గొబ్బెమ్మ మొదలూ తుదీ ఇంటివే. నెల్లూరు ఆచారంలో అది ఇల్లు దాటుతుంది. వేల వాకిళ్లలో విడివిడిగా సాగిన నెల ఒకే తీరంలో ముగుస్తుంది. ఇక్కడ గుంపు ఉంది కాని ప్రేక్షకులు లేరు. వచ్చిన ప్రతి కుటుంబం చేతిలో తన వాకిటి నుంచి తెచ్చిన వస్తువు ఉంటుంది. నది అందరికీ ఎదుటి పక్షం. వాకిలి విధించిన హద్దులు తీరంలో కొంతైనా పలచబడతాయి.

ఈ కోణంలో ఏటి పండుగను నిమజ్జన కార్యక్రమంగా మాత్రమే వర్ణించడం చాలదు. వాకిలి కళ సామూహిక కళగా మారడానికి వేదిక ఒక్కటే దారి కాదని అది చూపుతున్నది. ఊరేగి వెళ్లడం, తెచ్చినది అర్పించడం, కలిసి పాడటం అనే మూడు పనులు పాల్గొనేవారి చేతుల్లో ఉన్నంత వరకు సమూహం పెద్దదైనా కళ తన నియమాన్ని కోల్పోదు. హరిదాసులకు, గంగిరెద్దుల వారికి ఆ తీరంలో ఏ స్థానం ఉన్నదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. గొబ్బెమ్మ నది దాకా వచ్చినట్టే, వాకిట దీవించినవారు కూడా నిర్ణీత గౌరవంతో అక్కడికి రాగలిగితే వేడుక సంపూర్ణమవుతుంది.

9. ముగింపు

నెల్లూరు సాక్ష్యం సంక్రాంతిని గురించిన రెండు వాడుక అభిప్రాయాలను సవరిస్తుంది. పైరు పచ్చగా ఉన్న నేలపై జరిగే పండుగ కనుక పంట ఇంటికి రావడం దీనికి సార్వత్రిక కారణం కాదు. మిగులు నుంచి దానం అన్న చట్రం తొలగితే వాకిటికి వచ్చే కళాకారుడు యాచకుడు కాడు. సూర్యుడు తిరిగే నెలలో ప్రతి ఇంటికీ అవసరమైన ఎదుటి మనిషి.

పరిశోధన పరంగా దీని పర్యవసానాలు స్పష్టమైనవి. గొబ్బి పాటలను, గంగిరెద్దు పాటలను సేకరించేటప్పుడు మాటలతో పాటు వాకిలి, వేళ, ఇంటివారి జవాబు, ఇచ్చిపుచ్చుకున్న వస్తువు నమోదు కావాలి. ఒకే కళాకారుని పాఠాలను వరుసగా అనేక వాకిళ్ల వద్ద సేకరించి పోల్చాలి. వేదిక ప్రదర్శనలను మూల్యాంకనం చేసేటప్పుడు అలంకరణను కాక ప్రేక్షకునికి మిగిలిన బాధ్యతను, కళాకారునికి దక్కిన పారితోషికాన్ని, పేరును కొలమానాలుగా తీసుకోవాలి. కళాశాలల్లో సంక్రాంతి సంబరాలు నిర్వహించే తెలుగు శాఖలకు ఇది ఆచరణలో పెట్టదగిన పనే. వలయాన్ని వేదిక దించి ఆవరణలోకి తేవడానికీ, హరిదాసు వేషం వేసిన విద్యార్థికి బదులు ఆ వృత్తిలో ఉన్న హరిదాసును తగిన పారితోషికంతో పిలవడానికీ, అతని మౌనాన్ని గౌరవించడానికీ పెద్ద ఖర్చు అవసరం లేదు.